పెంచిన ప్రాణి పోయినపుడు



నిన్నటి దినము ప్రవచనము ముగిసి తీర్థప్రసాదములు పంచుచున్న వేళ ఒక తల్లి మా చేతికొక చీటీ అందించి, ఏమియు మాటాడక వెళ్ళిపోయినది. సందేహములున్నవారు చీటీ వ్రాసి ఇవ్వవచ్చునని మొదటి దినమున మేమే చెప్పియున్నాము. సాధారణముగా వచ్చు చీటీలు ఎట్టివో మీకు తెలియును. ఏకాదశినాడు ఫలానా పదార్థము తినవచ్చునా, గృహప్రవేశమునకు ఏ మాసము మంచిది, అమ్మాయికి సంబంధము ఎప్పుడు కుదురును అనునవే ఎక్కువ. ఈ చీటీ అట్టిది కాదు. "మా అబ్బాయి మూడేండ్లుగా పెంచుకొన్న గినీ పిగ్ చనిపోయినది. పది దినములైనది. పిల్లవాడు సరిగా అన్నము తినుట లేదు. జంతువు కొరకు ఇంత ఏడుపేమిటని ఇంట పెద్దలు కోపపడుచున్నారు. వానికి మేమేమి చెప్పవలెను? దానికి మేమేమైన చేయవలసియున్నదా?" అని అందులో ఉన్నది.

ఇప్పుడు చదివి వినిపింపగా ముందు వరుసలో కొందరు నవ్వినారు. మేము తప్పు పట్టుట లేదు. రెండేండ్ల క్రిందట అయినచో మేమును నవ్వియుందుము. లేదా నవ్వక, గంభీరముగా ఒక కథ చెప్పి ఆ పిల్లవానిని పంపివేసియుందుము. నవ్వుటకంటె అది ఎక్కువ నొప్పించునని మాకిప్పుడు తెలిసినది. ఆ పని మేము మా ఇంటనే చేసినాము. కనుక ఈ దినము చెప్పవలసిన గజేంద్రమోక్షమును రేపటికి ఉంచి, ఈ చీటీని గూర్చి మాటాడుదుము.

ఇది ఏమి జంతువని పెద్దవారు ఒకరినొకరు అడుగుచున్నారు. మా అమ్మాయి ఇంట చూచువరకు మేమును ఎరుగము. పేరులో పంది యున్నది గాని అది పంది కాదు, ఎలుకకు దగ్గరి జాతి. తోక పైకి కనబడదు. రెండు అరచేతులు చేర్చి పట్టుకొనవచ్చును. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతము దాని పుట్టినిల్లు. అచ్చటివారు వేల యేండ్లుగా ఆహారము కొరకు దానిని పెంచుచున్నారు. ఓడలెక్కి ఐరోపా చేరిన తరువాత కొందరు ముద్దుకు పెంచుకొన్నారు, కొందరు ప్రయోగశాలలలో పరీక్షలకు వాడుకొన్నారు. ఇప్పుడు మన నగరములలో అపార్టుమెంటులలో పిల్లలు పెంచుకొనుచున్నారు. గడ్డి, ఆకుకూరలు తినును. మాంసము ముట్టదు. ఆ మట్టునకు వైదికుల ఇంట ఉండదగినదే! అయిదు మొదలు ఎనిమిదేండ్ల వరకు బ్రతుకును. అనగా ఒక పిల్లవాడు పెంచుకొన్నచో, వాని బాల్యము గడువకముందే దాని ఆయువు తీరును. కొనిచ్చు తల్లిదండ్రులు ఈ లెక్క వేయరు.

మా అమ్మాయి, అల్లుడు హైదరాబాదులో ఉందురు. వారి కుమార్తెకు అప్పుడు తొమ్మిదేండ్లు. ఆమె వద్ద ఇవి రెండు ఉండెడివి. తెల్లనిదానికి జున్ను అని, గోధుమవన్నెదానికి లడ్డు అని ఆమెయే పేర్లు పెట్టినది. వంటింటిలో ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడైనచో చాలును, రెండును ఈల వేసినట్లు అరచెడివి. కొత్తిమీర వచ్చుచున్నదని వాని ఆశ. అర్ధరాత్రి మేము మంచినీళ్ళకు ఆ తలుపు తీసినను అరచి ఇల్లంతయు లేపెడివి. నిజము చెప్పవలెనన్న, మాకు అది చికాకుగానే ఉండెడిది.

మార్గశిర మాసములో మేము అచ్చట ఉండగా ఒక దినము జున్ను మేత ముట్టలేదు. ఆ దినము మనుమరాలి పాఠశాలలో వార్షికోత్సవము. ఉదయపు తొందరలో గిన్నె చూడకయే వెళ్ళినది. రాత్రి అలసి వచ్చి నిద్రపోయినది. మరునాడు చూచునప్పటికి అది మూలకు ఒదిగి, రోమములు నిక్కబొడుచుకొని, కన్నులు సగము మూసియున్నది. పశువైద్యుని వద్దకు తీసికొనిపోయినారు. మధ్యాహ్నమునకు ప్రాణము పోయినది. పిల్ల దానిని తువ్వాలులో చుట్టుకొని ఒడిలో పెట్టుకొని, "నేను చూడలేదు, నేను చూడలేదు" అని ఆ ఒక్క మాటయే అనుచు ఏడ్చినది.

మేము ఏమి చేసినాము? పిలిచి ఎదురుగ కూర్చుండబెట్టి జడభరతుని కథ చెప్పినాము. ఋషభదేవుని కుమారుడు, ఈ భూమికి భారతవర్షమని పేరు తెచ్చిన మహారాజు, రాజ్యము వదలి తపస్సునకు వెళ్ళినవాడు, ఒక లేడి కూనపై మమకారము పెంచుకొని మరుజన్మలో లేడియై పుట్టినాడమ్మా, అంతటివానికే అట్లయినచో నీ మాటేమి, జంతువు కొరకు ఇంత దుఃఖము మోహము, కన్నులు తుడుచుకొనుము అని చెప్పినాము. ఏబదియేండ్లకు పైగా వేదికలెక్కినవారము గదా, కథ చక్కగానే వచ్చినది. పిల్ల కన్నులు తుడుచుకొని, "సరే తాతయ్యా" అన్నది. శాస్త్రము వెంటనే పని చేసినదని మేము సంతోషించినాము.

ఆ దినము నుండి ఆమె మా యెదుట ఏడ్వలేదు. మా యెదుట మాటాడుటయు మానివేసినది. ఉదయము నమస్కారము చేయును, అడిగినదానికి సమాధానము చెప్పును, వెళ్ళిపోవును. ఫ్రిజ్ తలుపు తీయగా లడ్డు ఒంటరిగా అరచినచో, తాను గది విడిచి పోవును. మా ధర్మపత్నికి ఇంటిలో జరుగునవి మాకంటె ముందు తెలియును. నాలుగు దినములు చూచి, ఒక రాత్రి మాతో అన్నది: "పిల్లను భయపెట్టినారు. దుప్పటి ముసుగులో ఏడ్చుచున్నది. ఏడ్చినచో నేను లేడినై పుట్టుదునా అమ్మమ్మా అని అడుగుచున్నది."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా పాఠశాల దినములు జ్ఞప్తికి వచ్చినవి. కోనసీమలో మేము సంత చెప్పుకొన్న గురువుగారు మహా నిష్ఠాపరులు. జ్వరము వచ్చినను పాఠము ఆపినవారు కారు. వారి ఇంట ఒక ముసలి ఆవు ఉండెడిది. అది పోయిన దినమున మేము అలవాటు చొప్పున అరుగుపైకి చేరినాము. గురువుగారు రాలేదు. పెరటిలో ఖాళీ గాటివద్ద కూర్చుండియున్నారు. ఇది అనధ్యయనమా అని పెద్ద విద్యార్థిని అడిగినాము. "శాస్త్రములో లేదు. గురువుగారికి మనస్సు బాగుగా లేదు" అని అతడన్నాడు. మరునాటి ఉదయము గురువుగారు వచ్చి, ముందటి దినము ఏ పనస దగ్గర ఆపినారో అక్కడనుండియే అందుకొన్నారు. ఆవు మాట ఎత్తలేదు. ఆయన మోహములో పడినారని మాలో ఎవ్వరికిని తోచలేదు. మా గురువుగారికి ఇచ్చిన ఆ ఒక్క దినమును మేము తొమ్మిదేండ్ల పిల్లకు ఇవ్వలేదు.

ఊరికి తిరిగి వచ్చిన తరువాత పంచమ స్కంధమును మరల తీసినాము. ఇంతకుముందు ఎన్నిమారులు చదివినామో లెక్క లేదు. పోతనగారి పేరుతో వెలసిన తెలుగు భాగవతములో ఈ స్కంధమును తెనిగించినది గంగన యనియు మీలో చదువుకొన్నవారికి తెలియును. సంస్కృతమును, తెలుగును ప్రక్క ప్రక్కన పెట్టుకొని, ఈమారు ఒక ఏడ్చు పిల్ల పక్షమున వకీలువలె చదివినాము.

భరతుడు గండకీ నదీతీరమున పులహాశ్రమములో ఉన్నాడు. స్నానము చేసి ప్రణవజపము చేయుచుండగా నిండు చూలాలైన లేడి నీరు త్రాగ వచ్చినది. సింహగర్జన విని బెదరి ఏటి మీదికి దూకినది. గర్భము జారి కూన ప్రవాహములో పడినది. తల్లి మరణించినది. భరతుడు దిగి కూనను పైకి తీసినాడు. ఇంతవరకు ఆయనను శుకయోగి ఒక్క మాట అనలేదు. దయ చేతనే తీసినాడన్నాడు. తరువాత పెంచుట, మేపుట, తోడేళ్ళ బారినుండి కాపాడుట జరిగినవి. సమిధలకు, దర్భలకు పోవునపుడు వెంట తీసికొనిపోవుట, భుజముపై మోయుట అయినవి. తరువాత యమనియమములు, పూజ ఒక్కొక్కటి జారిపోయినవి. క్రియ మధ్యలో లేచి పోయి లేడి ఉన్నదా లేదా అని చూచుకొనుట మొదలయినది. అచ్చట కథ మలుపు తిరిగినది. చివరకు మరణకాలము వచ్చినది.

ఎవరికి? భరతునికి!

భక్తులారా, ఇన్నేండ్లుగా ఈ కథ చెప్పుచున్న మాకు ఈ చిన్న విషయము తట్టలేదు. ఆ కథలో లేడి చనిపోలేదు. చనిపోయినది భరతుడు. ప్రక్కన కూర్చుండి కన్నకొడుకువలె దుఃఖించినది లేడి. విష్ణుపురాణములోను ఇట్లే ఉన్నది. కొడుకు తండ్రిని చూచినట్లు ఆ లేడి కన్నీటితో ఆయనను చూచినదని పరాశర మహర్షి చెప్పినాడు. ఆ లేడి ఏడ్చుట మోహమని ఏ ఋషియు అనలేదు. ప్రాణము పోయిన పెంపుడు జీవి కొరకు మనుష్యుడు ఏడ్వవచ్చునా కూడదా అను ప్రశ్న ఆ కథలో లేనే లేదు. లేనిదానిని మేము చేర్చి, దానితో పిల్ల నోరు మూయించినాము. శాస్త్రమును కర్రవలె వాడినాము.

సంక్రాంతి సెలవులకు వారు మా ఊరు వచ్చినారు. చూచుకొనువారు లేరని లడ్డును కూడ పంజరముతో కారులో తెచ్చినారు. అది నీరసించియున్నది. మేత సగము మిగుల్చుచున్నది. భోగి మరునాటి సాయంకాలము పిల్లను అరుగుపై కూర్చుండబెట్టుకొని, "తల్లీ, ఆ దినము నేను నీకు కథ తప్పుగా చెప్పినాను" అని మొదలుపెట్టి, పై సంగతి అంతయు చెప్పినాము. ఏడ్చినంతమాత్రమున ఎవ్వరును లేడిగా పుట్టరని, భరతుడు ప్రేమించినందుకు గాక, తాను చేయవలసిన పనులన్నిటిని విడిచినందుకే చిక్కుకొన్నాడని, అప్పుడును ఆయన పూర్వపూజ వృథా పోక లేడి జన్మలో గత స్మృతి నిలిచియున్నదని చెప్పినాము. తాత తప్పు ఒప్పుకొనుట ఆమెకు వింతగా తోచినట్లున్నది. చాలసేపు మా ముఖము చూచినది. తరువాత అడిగినది:

"మరి భరతుడు చనిపోయిన తరువాత ఆ లేడిపిల్లను ఎవరు చూచుకొన్నారు తాతయ్యా?"

మా నోట మాట రాలేదు. శుకయోగి భరతుని జీవుని వెంట ముందుకు వెళ్ళిపోయినాడు. కాలంజర పర్వతము, అచ్చట లేడి తల్లి కడుపున జన్మ, తల్లిని విడిచి మరల పులహాశ్రమము చేరుట, ఎండుటాకులు తినుచు కాలము గడిపి గండకిలో దేహము వదలుట, బ్రాహ్మణుడై పుట్టుట, రహూగణుని పల్లకి, ఇవన్నియు వచ్చును. వెనుక ఒంటరిగా మిగిలిన ఆ లేడి మాట మరల రాదు. తల్లి లేదు. అడవి తెలియదు. తోడేళ్ళను తప్పించుకొనుట ఎరుగదు. దానికి తెలిసినది ఒక్క మనుష్యుడే, ఆ మనుష్యుడు పోయినాడు. హద్దు తప్పిన మమకారము భరతునికే గాక, ఆ లేడికిని మేలు చేయలేదని మాకు అప్పుడు తోచినది. ఈ మాట పైకి అనలేదు. అనవలసిన అవసరము లేకపోయినది. పిల్ల లేచి లోనికి వెళ్ళి, లడ్డును ఎత్తుకొని వచ్చి ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. మా దొడ్డిలో మెత్తని గరిక కోసి తెచ్చి పెట్టినాము. ఆమె చేతినుండి నాలుగు పోచలు తిన్నది. ఆ సాయంకాలము మా యిద్దరి యెదుటను పిల్ల ఏడ్చినది. మేము కథ ఏమియు చెప్పలేదు.

ఇక ఆ తల్లి చీటీలోని ప్రశ్నలకు వత్తము.

పిల్లవాడు ఏడ్వవచ్చునా? అమ్మా, ఏడ్వనిండు. శ్రీరామచంద్రుడు జటాయువు కొరకు ఏడ్చినాడు. సీత పోయిన దుఃఖముకంటె ఈ పక్షి మరణము తనను ఎక్కువ బాధించుచున్నదని లక్ష్మణునితో అన్నట్లు వాల్మీకి అరణ్యకాండలో చెప్పినాడు. తన చేతులతో చితి పేర్చి దహనము చేసి, గోదావరిలో ఉదకమిచ్చినాడు. జటాయువు సామాన్య పక్షి కాదు, దశరథుని మిత్రుడు అని ఎవరైన అడ్డు చెప్పవచ్చును. సరియే. ధర్మరాజు వెంట నడచిన కుక్క మాటేమి? మహాప్రస్థానములో ద్రౌపది పడిపోయినది, తమ్ములు నలుగురును పడిపోయినారు, కుక్క మాత్రము వెంట వచ్చినది. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను వదలి ఎక్కుమన్నాడు. ఆశ్రయించిన దానిని విడువనని ధర్మరాజు స్వర్గమునే వద్దన్నాడు. ఆ కుక్క ధర్మదేవత యని ఆయనకు అప్పటికి తెలియదు. కుక్క యనియే అనుకొని ఆ మాట అన్నాడు. ఇది గమనింపవలెను.

పురాణ కాలపు మాటలని పిల్లలు అనుకొందురేమో, మన కాలమునకు దగ్గరి విషయము చెప్పెదము. తిరువణ్ణామలైలో రమణ మహర్షి ఆశ్రమమునకు 1926లో దూడగా వచ్చిన లక్ష్మి అను గోవు 1948 జూన్ 18న దేహము చాలించినది. మహర్షి దాని చెంత కూర్చుండి తలపై చేయి వేసియుంచినారు. ఆశ్రమములోనే సమాధి చేయించినారు. అది విముక్తి పొందినదని తమిళములో ఒక పద్యము వ్రాసినారు. సూరి నాగమ్మగారు తెలుగులో వ్రాసిన ఆశ్రమ లేఖలలో ఆ దినము సంగతి చదువవచ్చును. వెళ్ళినవారు చూచియుందురు, లక్ష్మి సమాధికి సమీపముననే ఒక లేడికిని, ఒక కాకికిని, జాకీ అను కుక్కకును చిన్న చిన్న సమాధులున్నవి. దేహము నేను కాదని జీవితమంతయు చెప్పిన మహాత్ముడు కాకి దేహమును కూడ మర్యాదగా భూమికి అప్పగించినాడు.

దానికేమైన చేయవలెనా యన్నది రెండవ ప్రశ్న. మా పెద్దలు చెప్పిన సంప్రదాయము చెప్పుచున్నాము, మీ ఇంటి ఆచారము వేరైనచో మీ పురోహితులను అడుగుడు. మనుష్యులలో జ్ఞాతులకు పట్టవలసిన ఆశౌచము దీనికి లేదు. మంత్రసంస్కారము లేదు. చెత్తకుండీలో వేయరాదు. గంగలో కలుపుచున్నామని ఏటిలోను చెరువులోను వేయరాదు, నీటిలో అశుచి వస్తువు వేయకూడదని ధర్మశాస్త్రము స్పష్టముగా చెప్పినది. పాత నూలుగుడ్డలో చుట్టి, కుక్కలు త్రవ్వకుండ రెండు మూడడుగుల లోతున పాతి, పైన ఒక పూలమొక్క నాటుడు. ఇంటికి మట్టి నేల లేనివారు తెలిసినవారి తోటలో చోటు అడుగవచ్చును. పిల్లవాడు తానే గుంతలో పువ్వు వేయుదునన్నచో వద్దనవద్దు. తరువాత అందరు స్నానము చేసి దీపము పెట్టుకొనుడు. అంతే.

మనస్సుకు ఇది చాలదన్నచో, గృహస్థునకు నిత్యము విధించిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞము ఉండనే యున్నది. వండిన అన్నములో కుక్కకు, కాకికి, చీమలకు భాగము తీసి పెట్టుట. మన ఇండ్లలో చాలవరకు అది మాసిపోయినది. గయలో పిండములు పెట్టువారు తమ వంశములోనివారిని మాత్రమే తలచుకొని ఊరకొనరు. పశువులై, పక్షులై, పురుగులై, చెట్లై యున్నవారికిని తృప్తి కలుగవలెనని పెట్టుదురు. ఆ పిల్లవాని చేత రోజునకొక గుప్పెడు గింజలు పిట్టలకు వేయింపుడు. తన గినీ పిగ్ పేరు తలచుకొని వేయుదునన్నచో, తప్పని చెప్పుటకు మేము ఎవరము?

అది ఎచ్చటికి పోయినదని పిల్లవాడు తప్పక అడుగును. ఊరికి పంపించినామనియో, డాక్టరు వద్దనే ఉన్నదనియో చెప్పవద్దు. నచికేతుడును బాలుడే. మరణించినవాని గతి ఏమని యమునినే అడిగినాడు. యముడు ఏనుగులు, గుర్రములు, బంగారము, దీర్ఘాయువు ఇత్తును, ఇది తప్ప మరేదైన అడుగుమన్నాడు. పిల్లవాడు మరణమును గూర్చి అడుగగా ఆటబొమ్మ చూపుట అంత ప్రాచీనమైన ఉపాయము! నచికేతుడు లొంగలేదు. చివరకు యముడు చెప్పక తప్పలేదు. మీరును చెప్పుడు. దేహము మట్టిలో కలసినది, జీవుడు దేహమువలె నశించువాడు కాడు. పశుపక్ష్యాదుల జన్మ భోగజన్మ, మనకువలె క్రొత్త పాపము మూట కట్టుకొనుటకు వానికి తావు లేదు, కనుక దానికి ఏ శిక్షయు లేదు, దాని దారి ముందుకే. భగవంతునికి అది చిన్నదని అడ్డు లేదు. మన శ్రీకాళహస్తి క్షేత్రమునకు పేరు సాలెపురుగు, పాము, ఏనుగులను బట్టి వచ్చినదే గదా.

మూడవది చీటీలో లేదు. అయినను చెప్పెదము, మా మనుమరాలిని అన్నిటికంటె ఎక్కువ బాధించినది అదియే. "నేను చూడలేదు" అన్నది. ఆ పశువైద్యుని తరువాత మా అల్లుడు కలసి అడిగినాడు. ఆయన చెప్పిన మాటలు: ఈ జీవి అడవిలో ఇతర మృగములకు ఆహారమగు జాతి. జబ్బు చేసినను కడవరకు పైకి కనబడనీయదు, నీరసము కనబడినదే వేటాడువాని కంటబడును గనుక. దాని జీర్ణకోశము ఎడతెగక పని చేయుచుండవలెను. ఒక దినము మేత మానినదన్నచో అది అత్యవసరమే, మరునాటికి ఉంచరాదు. మనకువలెనే దాని శరీరము విటమిన్ సి తయారు చేసికొనలేదు, అందువలన నిత్యము తాజా ఆకుకూరయో కాప్సికం ముక్కయో ఉండవలెను. దంతములు జీవితమంతయు పెరుగుచుండును, అరుగుటకు ఎండుగడ్డి కావలెను. ఇవి తెలిసికొనవలసినది ఎవరు? కొనిచ్చినవారు. తొమ్మిదేండ్ల పిల్ల పేరున కొన్నను పోషకులు తల్లిదండ్రులే. ఆ దినము ఇంటిలో మేము నలుగురు పెద్దలము ఉన్నాము. గిన్నెలో మేత అట్లే యున్నదని మాలో ఒక్కరును చూడలేదు. ఈ మాట మా అమ్మాయి, అల్లుడు, మేము పిల్ల ముందర పైకి చెప్పినాము. మీ ఇంటను అట్టి గుబులు ఉన్నచో, దానిని పిల్లవాని తలమీద నుండి దింపి మీ తలపై పెట్టుకొనుడమ్మా. పెద్దల మెడ మోయగలదు.

ఏడుపు మాన్పుటకు వెంటనే మరొక దానిని కొనితెచ్చుట మాకు సమ్మతము కాదు. గాజుగ్లాసు పగిలినచో మరొకటి తెత్తుము, ప్రాణి గ్లాసు కాదు. అయితే ఈ జాతి గుంపుగా బ్రతుకునదట, ఒంటరిగా ఉన్నచో క్రుంగునట. మా మనుమరాలు నెల దాటిన తరువాత తానే వచ్చి, "నాకు వద్దు తాతయ్యా, లడ్డుకు తోడు కావలెను" అన్నది. అప్పుడు తెచ్చినారు. ఆ క్రొత్తదానికి జున్ను అని పేరు పెట్టనీయలేదు. ఆ పేరు అయిపోయినదన్నది. దానికి మురుకు అని పేరు పెట్టినారు. మొన్న ఫోనులో మాటాడుచుండగా వెనుకనుండి ఈలలు వినబడినవి. ఎవరో ఫ్రిజ్ తీసినట్లున్నది. "రెండును అరచుచున్నవి, ఉండండి తాతయ్యా" అని ఫోను బల్లపై పెట్టి పోయినది. తిరిగి వచ్చుటకు పది నిమిషములు పట్టినది. మేము పట్టుకొనియే కూర్చున్నాము.

హారతి గంట మ్రోగుచున్నది. చీటీ వ్రాసిన తల్లి ఈ దినము సభలో ఉన్నదో లేదో మాకు తెలియదు. ఉన్నచో రేపు పిల్లవానిని తీసికొని రమ్ము. గజేంద్రుని కథ వానికి నచ్చును. ప్రవచనము ముగిసిన పిమ్మట వేదిక వద్దకు తీసికొనిరమ్ము. వాని గినీ పిగ్ పేరేమో అడుగవలెనని మాకున్నది.

స్వస్తి.